మంచు కరిగిన తరువాత కనిపించిన ఊరు

2019 ఏప్రిల్ చివరి వారంలో, అమెరికాలోని కొలరాడో కొండల్లో ఫ్రిస్కో అనే చిన్న ఊళ్ళో నేను పది వారాలకు ఒక గది అద్దెకు తీసుకున్నాను. అప్పటిదాకా పనిచేసిన సంస్థ మూతపడింది; కొత్త ఉద్యోగంలో చేరవలసింది జూలై రెండవ వారంలో. అంతకు ముందు పదేళ్ళపాటు ప్రతి చలికాలంలోనూ డెన్వర్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, డెబ్బై మైళ్ళ కొండదారి ఎక్కి, ఫ్రిస్కో చుట్టుపక్కల కొండల మంచు మీద జారుతూ స్కీయింగ్ చేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాణ్ణి. ఆ దారిలో ఏ మలుపు దగ్గర రోడ్డు మీద మంచు గడ్డకడుతుందో, ఏ కొండ మీద ఏ లిఫ్టు దగ్గర జనం తక్కువగా ఉంటారో నాకు కంఠతా వచ్చు. కానీ ఆ ఊళ్ళలో నివసించే ఒక్క మనిషి పేరు కూడా నాకు తెలియదు. ఆ సంగతి నాకు అప్పటివరకు తట్టనే లేదు.

గది యజమానురాలు చెప్పిన అద్దె విని నేను పొరపాటుగా విన్నానేమో అనుకున్నాను. చలికాలంలో ఆ డబ్బుకు నాలుగు రాత్రులు కూడా దొరకవు. ఆవిడ కిటికీ బయటకు చూపించి, "ఇది బురద కాలం, ఇప్పుడు ఇక్కడికి ఎవరూ రారు" అన్నది. స్కీ లిఫ్టులు చాలావరకు ఆగిపోయే ఏప్రిల్ నడిమి నుంచి, కాలిబాటలు ఆరి వేసవి యాత్రికులు మొదలయ్యే జూన్ మొదటి వారం దాకా ఉండే ఆ ఏడెనిమిది వారాలను అక్కడ అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. నెలల తరబడి పేరుకున్న మంచు ఒక్కసారిగా కరగడంతో వీధి అంచుల్లో, పెరళ్ళలో, అడవి దారుల్లో చీలమండ లోతు బురద తయారవుతుంది. హోటళ్ళ తలుపులకు "జూన్‌లో మళ్ళీ కలుద్దాం" అన్న కాగితాలు అంటించి ఉంటాయి. వాటి యజమానులు యూటా ఎడారికో, మెక్సికో తీరానికో వెళ్ళిపోతారు. తెరిచి ఉంచిన ఒకటి రెండు చోట్ల స్థానికులకు ఒక భోజనం ధరకు రెండు భోజనాలు పెడతారు. జాతర ముగిసిన మరునాడు మా వైపు ఊళ్ళు ఎట్లా ఉంటాయో, ఆ వీధులు అట్లాగే ఉండేవి; పందిళ్ళు విప్పేశాక మిగిలిన గుంటల మధ్య ఊరివాళ్ళు మాత్రం నెమ్మదిగా తిరుగుతూ, ఒకరినొకరు చాలాకాలానికి చూసినట్టు ఆగి మాట్లాడుకునేవారు.

ఆ సంవత్సరం మంచు విపరీతంగా పడింది. అందువల్ల అరాపహో బేసిన్ అనే స్కీ కొండ మీద స్కీయింగ్ జూలై 4 వరకు సాగింది. అక్కడ లిఫ్టు మొదలయ్యే చోటే 10,780 అడుగుల ఎత్తులో ఉంటుంది; కొండ కొమ్ము 13,000 అడుగులు దాటుతుంది. మే నెలలో ఆ ఎత్తులో రాత్రి గడ్డకట్టిన మంచు పగటి ఎండకు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, క్రమంగా జొన్నగింజల్లాంటి గుండ్రని పలుకులుగా మారుతుంది. ఉదయం తొమ్మిది దాటాక అది పైపైన మెత్తబడుతుంది, మధ్యాహ్నానికి అంబలిలా అవుతుంది. ఆ నడుమ దొరికే రెండు మూడు గంటల స్కీయింగ్ అంత హాయి నాకు జనవరి పొడిమంచులో కూడా దొరకలేదు. మధ్యాహ్నం అందరూ స్కీలు విప్పి, కొండ పాదాన వాహనాలు నిలిపే ఒక వరుసలో చేరేవారు. అక్కడ ఇసుకా లేదు, సముద్రమూ లేదు, అయినా దాన్ని 'బీచ్' అని పిలుస్తారు. బండ్ల వెనుక తలుపులు తెరిచి, మడత కుర్చీలు వేసుకుని, బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులూ మాంసమూ కాలుస్తూ, కుక్కలను ఎండలో వదిలి, గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవారు.

నేను ఆ మాటల దగ్గరికి చేరింది ఒక పెద్దాయన పిలవడం వల్ల. వయసులో ఉన్నప్పుడు ఆయన కొండ మీద గాయపడినవాళ్ళను కిందికి దించే దళంలో పనిచేశాడు. మోకాళ్ళు అరిగిపోయాక చలికాలంలో లిఫ్టు దగ్గర జనాన్ని ఎక్కించే పని, వేసవిలో వడ్రంగం. ఆయన చుట్టూ ఒక వంటమనిషి, ఇద్దరు నర్సులు, బడిలో లెక్కలు చెప్పే ఒకావిడ, మంచు ఊడ్చే బండి నడిపే కుర్రవాడు కూర్చునేవారు. అందరూ స్కీయర్లే. చలికాలంలో లిఫ్టు కుర్చీలో పక్కన కూర్చున్న అపరిచితులతో నేను వందలసార్లు మాట్లాడి ఉంటాను. ఆ మాటలన్నీ నిన్న ఎన్ని అంగుళాలు పడింది, రేపు ఎంత పడుతుంది అన్న దగ్గరే తిరిగేవి. బీచ్‌లో కూర్చున్నవాళ్ళు మంచు గురించి దాదాపు మాట్లాడేవారు కాదు. ఇల్లు, అద్దె, బడి, ఆసుపత్రి, నీళ్ళు, అడవిలో నిప్పు, ఎవరు ఊరు విడిచి వెళ్తున్నారు, ఎవరికి బిడ్డ పుట్టింది, వీటి గురించే మాట్లాడేవారు. "చలికాలం కోసం వచ్చాను, వేసవి కోసం ఉండిపోయాను" అనే మాట ఆ కొండల్లో ప్రతివారి నోటా వినిపిస్తుంది. అది యాత్రికులను ఆకర్షించే మాట అనుకునేవాణ్ణి. పెద్దాయన దాన్ని వేరేగా చెప్పాడు: పని ఒత్తిడి తగ్గి, మనిషి పక్క మనిషి ముఖం చూడగలిగేది మంచు లేనప్పుడే కనుక, ఇక్కడ ఉండాలో వద్దో ఎవరైనా తేల్చుకునేది అప్పుడేనట.

అన్నిటికన్నా ఎక్కువగా నడిచింది ఇళ్ళ ప్రసక్తే. ఒక సాయంత్రం పెద్దాయన నన్ను దగ్గరి ఊరు బ్రెకెన్‌రిడ్జ్‌కు తీసుకువెళ్ళి, చీకటి పడ్డాక ఒక వీధి పొడవునా నడిపించి, దీపం వెలిగిన కిటికీలు లెక్కపెట్టమన్నాడు. ముప్ఫైకి పైగా ఇళ్ళున్న ఆ వీధిలో నేను నాలుగు లెక్కపెట్టాను. ఈ ఊళ్ళున్న సమ్మిట్ కౌంటీ అనే జిల్లాలోని ఇళ్ళలో సగానికి పైగా ఇతర చోట్ల నివసించేవారి రెండవ ఇళ్ళు. ఏడాదికి కొన్ని వారాలు వాళ్ళు వస్తారు. మిగతా రోజులు ఆ ఇళ్ళు ఖాళీగా ఉంటాయి, లేదా రాత్రికి ఇంత అని యాత్రికులకు అద్దెకు పోతాయి. ఆ ఊళ్ళో వండేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు మాత్రం 11,542 అడుగుల హూజియర్ కనుమ దాటి అవతల ఆల్మా, ఫెయిర్‌ప్లే ఊళ్ళ నుంచో, ఫ్రీమాంట్ కనుమ దాటి లెడ్‌విల్ నుంచో మంచు తుఫానుల్లో కూడా రోజూ వచ్చిపోతుంటారు. 2017లో వేల్ పట్టణం ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఇంటి యజమానికి పట్టణమే కొంత సొమ్ము చెల్లిస్తుంది. అందుకు బదులుగా ఆ ఇంట్లో స్థానికంగా పనిచేసేవాళ్ళే ఉండాలన్న షరతును దస్తావేజులో శాశ్వతంగా రాయించుకుంటుంది. బ్రెకెన్‌రిడ్జ్ కూడా అదే బాట పట్టింది. బీచ్‌లో దీని మీద గట్టి వాదనలే జరిగేవి. అది ఎన్ని ఇళ్ళకు చాలుతుందని వంటమనిషి అడిగేవాడు. ఒక్క టీచరు ఊళ్ళో నిలబడినా చాలునని లెక్కల టీచరు అనేది.

ఆ మాటలు వింటూ నేను చాలాసేపు మౌనంగా ఉండిపోయేవాణ్ణి. అంతకు ముందు కొన్ని శని, ఆదివారాల్లో మేము మూడు తెలుగు కుటుంబాలం కలిసి బ్రెకెన్‌రిడ్జ్‌లో ఇట్లాంటి ఇళ్ళే రాత్రి లెక్కన తీసుకునేవాళ్ళం. పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం కట్టుకుని వెళ్ళి, పిల్లలు మంచులో ఆడి వచ్చాక అందరం కింద వరుసగా కూర్చుని తినేవాళ్ళం. అవి నా జీవితంలో ఎంతో ఇష్టమైన రోజులు, ఆ ఇష్టం ఇప్పటికీ పోలేదు. కానీ ఆ గదుల్లో ఒకప్పుడు ఏడాది పొడవునా ఎవరైనా కాపురం ఉండేవారేమో, వాళ్ళు ఖాళీ చేసి ఎటు వెళ్ళారో అని మేము ఒక్కనాడూ అనుకోలేదు. ఆ సంవత్సరం తరువాత మేము అట్లాంటి ఇళ్ళు తీసుకోవడం మానేశాము. దానివల్ల అక్కడ ఎవరికి ఎంత మేలు జరిగిందో చెప్పలేను గానీ, ఆ నాలుగు దీపాలు చూసి వచ్చాక మళ్ళీ తీసుకోవడానికి మనసు ఒప్పలేదు.

ఆ ఊళ్ళ మధ్య తిరిగే బస్సులకు టికెట్ లేదు. నా గదికి దగ్గరగా ఆగే బస్సు నడిపే ఆయన మారిటేనియా దేశస్థుడు. పశ్చిమ ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా మారిటేనియా, సెనెగల్ దేశాల నుంచి వచ్చిన వలస కుటుంబాలు ఆ కౌంటీలో 1990ల నుంచీ స్థిరపడ్డాయి. సహారా అంచున పుట్టినవారు పదివేల అడుగుల మంచుకొండల్లో బస్సులు నడుపుతూ, హోటళ్ళలో పనిచేస్తూ, రంజాన్ ఉపవాసాలు ఉంటారని నేను ఊహించలేదు. ఆ ఏడు రంజాన్ మాసం సరిగ్గా బురద కాలంలోనే వచ్చింది. ప్రయాణికులు లేని బస్సులో ముందు సీట్లో కూర్చుని నేను ఆయనతో మాట్లాడేవాణ్ణి. ఇద్దరం ఎండలు మండే మెట్టప్రాంతాల వాళ్ళమే కనుక మొదటిసారి మంచు చూసినప్పటి సంగతులు ఇద్దరికీ చాలా ఉండేవి. ఆయన బాధ ఆయన మాటల మధ్యలో మెల్లగా బయటపడేది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్ళీ అక్టోబరు నుంచి నవంబరు నడిమి దాకా, ఏడాదిలో రెండుసార్లు హోటళ్ళలో పని ఆగిపోతుంది. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్ళకు ఆ వారాల్లో రాబడి ఉండదు, అద్దె మాత్రం ఆగదు. ఆయన భార్య ఒక హోటల్లో గదులు శుభ్రం చేసేది. ఆ నెలన్నర వాళ్ళు దాచుకున్న దాంట్లో నుంచే తినాలి.

మాది కర్నూలు జిల్లా. ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో ఖరీఫ్ పంట ఇంటికి చేరగానే, లేదా ఎండిపోగానే, ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్తారు. దాన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. ఊరికి కాలాన్ని బట్టి మనుషులుంటారన్న సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలిసినదే. అయినా అంతటి సంపన్న దేశంలో, అంత ఖరీదైన కొండల్లో అదే బతుకు నా కళ్ళముందే పదేళ్ళు నడుస్తుంటే, మంచు తప్ప నాకు మరేమీ కనబడలేదు. ఈ మాట ఆ డ్రైవరుకు చెప్పి, సుగ్గి అంటే ఏమిటో వివరించాను. ఆయన ఆ పదాన్ని రెండుసార్లు పలికి చూశాడు.

మే నెల రెండవ వారానికి బ్లూ నది ఒడ్డున మంచు పూర్తిగా తొలగిపోయింది. అప్పుడు బయటపడ్డవి రాళ్ళ గుట్టలు. బ్రెకెన్‌రిడ్జ్ 1859లో బంగారం కోసం పుట్టిన ఊరు. 1898 నుంచి 1942 వరకు, ఇళ్ళంత పెద్ద తవ్వే ఓడలు నదిలో తేలుతూ నది అడుగును గట్టి రాయి దాకా తవ్వి, బంగారపు రేణువులు తీసుకుని, మిగిలిన గులకరాళ్ళను వెనక్కి విసిరేశాయి. ఆ గుట్టల మీద నేటికీ సరిగా గడ్డి మొలవదు. చలికాలంలో వాటి మీద మంచు పరుచుకున్నప్పుడు అవి నాకు అందమైన చిన్న దిబ్బల్లా కనిపించేవి. మా పిల్లలు వాటి మీద నుంచి జారి ఆడుకున్నారు. బంగారం పోయాక ఊరూ పోయినంత పనైంది. 1960 నాటికి అక్కడి జనాభా నాలుగు వందల లోపే. మరుసటి ఏడు, 1961 డిసెంబరులో, స్కీ కొండ తెరుచుకోవడంతో ఊరికి మళ్ళీ ఊపిరి వచ్చింది. అరాపహో బేసిన్‌కు మూలం యుద్ధం. లెడ్‌విల్ దగ్గర క్యాంప్ హేల్‌లో మంచు యుద్ధానికి శిక్షణ పొందిన అమెరికా సైన్యపు పదవ పర్వత దళంలో పనిచేసిన లారీ జంప్, రెండవ ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చాక మరికొందరితో కలిసి 1946లో దాన్ని ఆరంభించాడు. పెద్దాయన ఈ కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు; తనకు స్కీయింగ్ నేర్పింది ఆ దళంలోని ఒక సైనికుడేనట.

అడవుల సంగతి చెప్పుకోవాలంటే, కొండవాలులో మంచు వెనుక పచ్చగా ఉందనుకున్న దానిలో సగం చచ్చిన చెట్లే. 1990ల చివర మొదలైన బెరడు పురుగు లాడ్జ్‌పోల్ పైన్ చెట్లను కొండల పొడవునా చంపేసింది. 2018 జూన్ 12న సిల్వర్‌థార్న్ పైన అడవి అంటుకున్నప్పుడు పధ్నాలుగు వందల ఇళ్ళవాళ్ళు కట్టుబట్టలతో బయటికి వచ్చారు. అంతకు ముందే ఇళ్ళ చుట్టూ చెట్లు నరికి వెడల్పుగా ఖాళీ పట్టీలు తీసి ఉంచడంతో ఒక్క ఇల్లూ కాలలేదు. ఏడాది గడిచినా నర్సుల్లో ఒకావిడ ఇంటి తలుపు పక్కన ముఖ్యమైన కాగితాల సంచి అట్లాగే ఉండేది. టెన్‌మైల్ లోయలోనైతే ఆ మార్చి నెలలో రోడ్డు మీదికి దూకిన మంచు చరియలు విరిచిన చెట్లు జూన్ దాకా మురికి మంచులో కూరుకుని, అగ్గిపుల్లల కుప్పల్లా పడి ఉన్నాయి.

నా గది కిటికీలోంచి డిల్లన్ జలాశయం కనిపించేది. మే నెల మొదట్లో దాని మీది మంచుపలక బూడిద రంగుకు తిరిగి, అంచుల్లో విడిపోయి, ఒక గాలి వీచిన రాత్రి మాయమైపోయింది. ఆ నీటి కింద ఒక ఊరుంది అని నాకు చెప్పింది లెక్కల టీచరు. పాత డిల్లన్ బ్లూ నది, స్నేక్ నది, టెన్‌మైల్ వాగు కలిసే చోట ఉండేది. డెన్వర్ నగరానికి నీళ్ళు కావలసి వచ్చాయి. ఆర్థిక మాంద్యం కాలంలో పన్నులు కట్టలేక జనం వదులుకున్న స్థలాలను నగరపు నీటి శాఖ ముందే కొని పెట్టుకుంది. 1956లో ఊరివాళ్ళకు కబురు పెట్టారు. 1961 సెప్టెంబరుకల్లా ఖాళీ చేయమన్నారు. కొన్ని ఇళ్ళను దుంగల మీదికి ఎత్తి కొత్త చోటికీ, ఫ్రిస్కోకూ, బ్రెకెన్‌రిడ్జ్‌కూ తరలించారు. మూడు వందలకు పైగా సమాధులను తవ్వి పైకొండ మీదికి మార్చారు. 1963లో ఆనకట్ట పూర్తయింది. కొండల కింద ఇరవై మూడు మైళ్ళకు పైగా తవ్విన రాబర్ట్స్ సొరంగం గుండా ఆ నీళ్ళు ఖండాన్ని రెండుగా చీల్చే శిఖరశ్రేణిని దాటి అవతలివైపు డెన్వర్‌కు చేరతాయి. అంటే నేను పదేళ్ళుగా జారిన మంచే కరిగి, ఆ మునిగిన ఊరి మీదుగా మా ఇంటి కొళాయికి వస్తున్నది. పడమటికి పోవలసిన నీళ్ళను తూర్పుకు తిప్పుకున్నారన్న కోపం ఆ కొండల్లో పాతతరం వాళ్ళకు ఇంకా ఉంది. నేను డెన్వర్ వాణ్ణని తెలిసీ ఆ టీచరు ఎటువంటి నిష్ఠురమూ లేకుండా ఇదంతా చెప్పింది.

నేను ఆవిడకు ఏమీ బదులు చెప్పలేకపోయాను. మా అమ్మ పుట్టినిల్లు కృష్ణ ఒడ్డున, సంగమేశ్వరానికి దగ్గరలో ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయం కింద మునిగిన వందకు పైగా ఊళ్ళలో అదొకటి.

జూలై 4న అరాపహో బేసిన్ చివరి రోజు. కొండ మీద వెడల్పాటి దుప్పటి పరిచినంత మంచే మిగిలింది, నడుమ నడుమ రాళ్ళు తేలాయి. అయినా మేమందరం వరుసగా ఎక్కి దిగాము. సాయంత్రం పెద్దాయన నా స్కీలు తీసుకుని, వాటి అడుగున మైనం కరిగించి మందంగా పోసి, దాన్ని గీకకుండా అట్లాగే వదిలేశాడు. మళ్ళీ మంచు పడేదాకా అంచులు తుప్పు పట్టకుండా ఉండడానికి అది వాళ్ళ పద్ధతి. మా తాత పంటకాలం అయిపోగానే గొర్రుకూ గుంటకకూ ఆముదం రాసి అటక మీద పెట్టించేవాడు.

2022 జూన్‌లో అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఆమెను డిల్లన్ తీసుకువెళ్ళాను. అప్పటికి పెద్దాయన అద్దె పెరిగిపోవడంతో ఫ్రిస్కో వదిలి ఆల్మాకు మారిపోయాడు. అయినా కనుమ దాటి మమ్మల్ని చూడడానికి వచ్చి, కొండ మీదికి మార్చిన శ్మశానాన్నీ, పాత ఊరి నుంచి తరలించి తెచ్చిన ఒంటిగది బడినీ అమ్మకు చూపించాడు. నేను ఇద్దరి మధ్యా మాటలు అటూ ఇటూ చేరవేశాను. అమ్మ రాళ్ళ మీది పేర్లను చేత్తో తడుముతూ నడిచింది. తరువాత నీటి ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నాము. తెరచాప పడవలు తిరుగుతున్నాయి.

"వీళ్ళకు పరిహారం ఇచ్చినారా?" అని అడిగింది అమ్మ.

నేను ఆ ప్రశ్నను పెద్దాయనకు చెప్పాను. స్థలాలకు ఇచ్చారు గానీ, వ్యాపారం పోయినవాళ్ళకు చాలలేదని తాను విన్నానన్నాడు. అమ్మ తల ఊపింది. కాసేపటికి, ఇక్కడ కలిసే ఏర్లు ఎన్ని అని అడిగింది. మూడు అని, వాటి పేర్లు చెప్పాను. సంగమేశ్వరం దగ్గర కలిసే ఏడు నదుల పేర్లు ఆమె వేళ్ళు మడుస్తూ పైకి చెప్పడం మొదలుపెట్టింది: కృష్ణ, వేణి, తుంగ, భద్ర, మలాపహారిణి, భీమరథి, భవనాసి. భవనాసి దగ్గర ఆగి, తమ ఇంటి వెనుక పాయ అదేనని, ఎండాకాలం నీళ్ళు తగ్గి గుడి బయటపడ్డప్పుడు తన అన్న వెళ్ళి ఇంటి చోటు వెతికాడని చెప్పింది. అమ్మ ఏమన్నదని పెద్దాయన నన్ను అడిగాడు. నేను ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా ఆయనకు మళ్ళీ చెప్పాను.